లలితకుమారి అనని మాటలు

ఖతార్ దేశపు దోహాలో తెలుగువాళ్ళ కార్యక్రమం ఏది జరిగినా మైకు ముందు నిలబడేది లలితకుమారే. తెనాలి నుంచి పెళ్ళయి వచ్చిన కొత్తలో ఎవరో బలవంతాన ఆమె చేతిలో మైకు పెట్టారు. అప్పటినుంచీ ఉగాది పంచాంగ శ్రవణానికీ, పిల్లల నాట్య ప్రదర్శనలకీ, ఎవరైనా పోతే పెట్టే సంతాప సభకీ ఆమె గొంతే. అది తీయటి గొంతేమీ కాదు, కాస్త బొంగురు. అయితే తొందర లేకుండా, ప్రతి మాటా విడివిడిగా వచ్చేది. "భోజనాలు సిద్ధంగా ఉన్నాయండీ, పెద్దవాళ్ళు ముందు కూర్చోండి" అని ఆమె అంటే సొంత పిన్నిగారు పిలిచినట్టు జనం లేచేవారు.

భర్త రామచంద్రరావు ఒక నిర్మాణ కంపెనీలో అకౌంట్లు చూస్తాడు. కూతురు చరిత దోహా పక్కనే ఉన్న లుసైల్‌లో ఒక డిజైన్ ఆఫీసులో పనిచేస్తూ తల్లిదండ్రుల దగ్గరే ఉంటోంది. వాళ్ళది దోహాలోనే అల్ హిలాల్‌లో రెండో అంతస్తు ఫ్లాటు. శుక్రవారం పొద్దున ముందు గదిలో చాప పరిచి ఆమె పిల్లలకి తెలుగు నేర్పేది. బి.ఎ.లో తెలుగు చదివిన చదువు ఆ రకంగా పనికొచ్చింది.

ఆ చాప మీద మొట్టమొదట కూర్చున్న పిల్ల అపూర్వ. ఎదురు ఫ్లాటులో ఉండే విజయరాణి కూతురు. విజయరాణి ఆసుపత్రి ల్యాబులో షిఫ్టుల మీద పనిచేసేది. బడి నుంచి వచ్చిన పిల్ల నేరుగా లలితకుమారి ఇంటికే వచ్చి, అక్కడే తిని, అక్కడే నిద్రపోయేది. అక్షరాలతోపాటు కబుర్లూ, అలకలూ కూడా ఈ ఇంట్లోనే నేర్చుకుంది. పై చదువుకి అమెరికాలోని జార్జియా రాష్ట్రానికి వెళ్ళి, సివిల్ ఇంజనీరై, అక్కడే పెళ్ళి చేసుకుని ఉండిపోయింది. మొన్నీమధ్యే కౌంటీ కమిషన్ ఎన్నికల్లో నిలబడింది.

"కౌంటీ అంటే మన జిల్లా లాంటిది ఆంటీ. రోడ్లు, డ్రైనేజీ, కొత్త కాలనీలకి అనుమతులు, అన్నీ వాళ్ళ చేతిలోనే. వానొస్తే మా వీధుల్లో కార్లు మునుగుతున్నాయి. చెప్పీ చెప్పీ విసుగొచ్చి నేనే నిలబడ్డాను" అని ఫోన్లో చెప్పింది అపూర్వ.

ఆ రాష్ట్రంలో గెలుపోటములు ఎప్పుడూ కొద్ది ఓట్ల మీదే తేలతాయట. గవర్నరు దగ్గర్నుంచి కౌంటీ కమిషనరు దాకా అందరికీ నవంబరులో ఒకే రోజు ఎన్నిక. ఇదివరకు తెలుగువాళ్ళ గడప తొక్కనివాళ్ళు కూడా ఈసారి వచ్చి తలుపు తడుతున్నారట. అపూర్వ నిలబడ్డ చోట తెలుగు ఇళ్ళు గెలుపు తేల్చేటన్ని ఉన్నాయి. ఇవన్నీ లలితకుమారికి సగం అర్థమయ్యేవి, సగం అయ్యేవి కావు. తన చాప మీద కూర్చున్న పిల్ల పోస్టరు మీద నవ్వుతోందన్నది మాత్రం బాగా అర్థమైంది. ఆ పోస్టరు ఫోటోని ఫోన్లో ఎంతమందికి చూపించిందో లెక్కలేదు.

అక్టోబరులో ఒక సాయంత్రం ఆమె వంటింట్లో గోంగూర ఆకు తుంచుకుంటోంది. అపూర్వ ఫోన్ చేసింది. ఎప్పుడూ "ఏం వండారు ఆంటీ" అని మొదలుపెట్టే పిల్ల, ఆ రోజు పలకరింపు లేకుండా అడిగింది.

"ఆంటీ, ఒకటి అడుగుతాను. నిజం చెప్తారు కదూ?"

"అదేంటే, నీకెప్పుడు అబద్ధం చెప్పాను?"

"ముందు ఇది వినండి."

ఫోన్లో ఒక ఆడియో మోగింది, నిమిషం కంటే తక్కువే. "నమస్కారమండీ. మన తెలుగువాళ్ళ మంచి కోరి చెబుతున్నాను. పౌరసత్వం కొత్తగా వచ్చినవాళ్ళు ఈసారి ఓటుకి వెళ్ళకపోవడమే మేలు. వెళ్ళినవాళ్ళ కాగితాలు మళ్ళీ మొదటినుంచీ తిరగేస్తారట. మన పిల్లల చదువులు మనం చూసుకుంటే చాలు. అపూర్వ మన అమ్మాయే, కాదనను. కానీ ఆమె కోసం మీరు చిక్కుల్లో పడకండి. ఈ మాట మీ ఇంట్లో పెద్దవాళ్ళకి కూడా చెప్పండి."

అది లలితకుమారి గొంతు. ఆ బొంగురు, మాటకీ మాటకీ మధ్య ఆమె ఇచ్చే విరామం, "పెద్దవాళ్ళకి" అన్నప్పుడు ఆమె వేసే ఒత్తు, అన్నీ ఉన్నాయి. ఆకు తుంచుతున్న వేళ్ళు ఆగిపోయాయి. విచిత్రమేమిటంటే ముందు ఆమెకి కోపం రాలేదు, ఏడుపూ రాలేదు. ఈ మాటలు తను ఎప్పుడు అందో గుర్తు చేసుకోబోయింది. ఏ సభలో? ఎవరితో? నిజంగానే అని మరిచిపోయిందేమోనని ఒక్క క్షణం తనని తానే అనుమానించింది.

"ఆంటీ, ఉన్నారా?"

"ఉన్నాను."

"నిన్నటి నుంచి ఇక్కడ తెలుగువాళ్ళందరి ఫోన్లకీ ఇదే వస్తోంది. దోహాలో ఉండి వచ్చినవాళ్ళు ఇది లలిత ఆంటీ గొంతేనని నాకు పంపుతున్నారు. ఎవరైనా మీచేత చదివించారా? నా మీద మీకేమైనా కోపం వచ్చిందా?"

ఆ చివరి ప్రశ్న విన్నాక ఆమె స్టవ్ పక్కనున్న స్టూలు మీద కూలబడింది. "నేననలేదమ్మా" అంది. అన్నది తన గొంతే. ఇప్పుడే ఫోన్లో విన్న గొంతూ అదే. ఏది నమ్మాలో అవతలి పిల్లకి ఎలా తెలుస్తుంది? ఇంకేమీ తోచక అదే మాట మళ్ళీ అంది. "నేననలేదే."

అపూర్వ "సరే ఆంటీ, మళ్ళీ చేస్తాను" అని పెట్టేసింది. నమ్మిందో లేదో తెలియలేదు.

చరిత ఆఫీసు నుంచి వచ్చేసరికి తల్లి లైటు వేయకుండా కూర్చుని ఉంది. జరిగింది విని, అపూర్వ పంపిన ఆడియో రెండుసార్లు వేసి చూసి, చరిత గోడకి ఆనుకుంది.

"అమ్మా, నజ్మాలో చదివావు చూడు. ఆనందరావు అంకుల్ దగ్గర."

అప్పుడు గుర్తొచ్చింది. రెండేళ్ళ కిందట తెలుగు సంఘంలో తెలిసిన ఆనందరావు వచ్చి, చదువు రానివాళ్ళకీ కళ్ళు కనపడనివాళ్ళకీ తెలుగులో మాట్లాడే ఫోను తయారవుతోందనీ, దానికి మంచి గొంతు కావాలనీ అడిగాడు. నజ్మా పేటలో ఒక పాత మేడ మీద గదికి దుప్పట్లు కట్టి రికార్డింగు పెట్టాడు. ఆమె చాలా రోజులు వెళ్ళి వందల వాక్యాలు చదివింది. వంట గురించి, వాతావరణం గురించి, బస్సుల గురించి. కొన్నిటిని సంతోషంగా, కొన్నిటిని బాధగా, కొన్నిటిని బుజ్జగిస్తున్నట్టు చదవమనేవాడు. ఎవరో గుడ్డి ముసలమ్మ వింటుందనుకుని ఆమె ప్రాణం పెట్టి చదివింది.

"ఆ బుజ్జగింపే తీసుకెళ్ళి దీనికి వాడారమ్మా" అంది చరిత. "ఒకసారి గొంతు దొరికితే చాలు. నువ్వు జన్మలో అననివి కూడా నీచేత అనిపిస్తారు."

రామచంద్రరావు భోజనం దగ్గర విషయం విన్నాడు. విని కంచం పక్కకి జరిపాడు.

"మనది కాని దేశం, మనది కాని ఎన్నిక. దూరంగా ఉండు లలితా. రేపు ఎవరో ఆఫీసులో అడిగితే నేనేం చెప్పను? పరాయి దేశంలో బతుకుతున్నవాళ్ళం. రాజకీయం అన్న మాట మన ఇంట్లో వినపడకూడదు."

"నేను రాజకీయం చేశానా?"

"చెయ్యకుండానే ఇంత అయింది. చేస్తే ఇంకెంత అవుతుంది?"

ఆ రాత్రి నుంచి ఇంట్లో ఆమె గొంతు వినపడటం మానేసింది. కాఫీ కప్పు తెచ్చి ముందు పెట్టేది. పిలవాల్సి వస్తే గిన్నె మీద గరిటెతో తట్టేది. నోరు తెరిస్తే తనకే భయంగా ఉందని తర్వాత చరితతో చెప్పింది. ఏ మాట అన్నా, అది తనకంటే ముందే ఎక్కడో ఎవరి చెవిలోనో పడిపోతున్నట్టు ఉందట. ఆ వారం పిల్లలు వస్తే, అమ్మకి ఒంట్లో బాగాలేదని చరిత గుమ్మంలోంచే పంపేసింది.

రెండు రోజుల తర్వాత అపూర్వ మరో ఆడియో పంపింది. ఇది మగగొంతు. కరీంనగర్, జగిత్యాల వైపు యాస. "అన్నా, మనోళ్ళందరం మాట్లాడుకున్నం. ఈపాలి ఓటుకు పోవద్దనుకున్నం. నువ్వు సుత పోకు" అని నడుస్తోంది. లలితకుమారి అది విని చప్పున తలెత్తింది. ఆ గొంతు ఆమెకి తెలుసు. రికార్డింగు గదిలో ఆమె తర్వాత వంతు అతనిదే. జలంధర్ అని, జగిత్యాల జిల్లా మనిషి, కట్టడాల దగ్గర స్టీలు కట్టే పని. చాయ్ తాగుతూ చాలాసార్లు మాట్లాడుకున్నారు. ఫోన్ నంబరు ఉంది. పండగ పండగకీ పూల బొమ్మలు పంపుతాడు.

తల్లీకూతుళ్ళు అతన్ని నజ్మాలోని ఒక ఇండియన్ హోటల్లో కలిశారు. డ్యూటీ లేని రోజు కావడంతో పనివాళ్ళుండే క్యాంప్ నుంచి ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చాడు. ఇంతకు ముందు ఆనందరావు గది ఉన్న మేడ మీద ఇప్పుడు దర్జీ దుకాణం నడుస్తోందని అతనే చెప్పాడు.

చరిత ఏమీ చెప్పకుండా ఆడియో వేసి ఫోను అతని చెవి దగ్గర పెట్టింది. జలంధర్ మొదట నవ్వాడు. తర్వాత నవ్వు ఆగిపోయింది. ఫోను తీసుకుని మళ్ళీ విన్నాడు.

"గిది నా గొంతే కద మేడమ్. గీ అన్న ఎవరు? నేనెవలతోని మాట్లాడిన?"

"అమెరికాలో తెలుగువాళ్ళతో. ఎన్నికలకి వెళ్ళొద్దని చెప్తున్నావు" అంది లలితకుమారి.

"అమెరికనా? నేను ఈ దోహ దాటి బహ్రెయిన్ సుత చూడలే. మా ఊళ్ళె సర్పంచ్‌కు ఓటెయ్యక పదేండ్లాయె." చాయ్ గ్లాసు ఎత్తబోయి దించేశాడు. "పోలీసులొస్తరా మేడమ్? నన్ను ఇంటికి పంపుతరా?"

"నువ్వేం తప్పు చెయ్యలేదు."

"నా గొంతు నా పెండ్లాంతోని ఫోన్ల మాట్లాడనీకి తప్ప దేనికి పనికొస్తది అనుకున్న. గిట్ల ఊరోళ్ళ ఓట్లు ఆపుతదని ఎవడనుకున్నడు." ఫోను తిరిగి చరితకి ఇచ్చేశాడు. "రేపు నా గొంతుతోని మా గంగామణికి ఫోన్ జేసి పైసలు పంపుమంటే? అది నమ్ముతది. నేనే చెప్పిన అనుకుంటది."

ఇంతదాకా లలితకుమారి అపూర్వ గురించే ఆలోచించింది. తన గొంతు ఇంకా ఎన్ని ఇళ్ళలోకి వెళ్ళగలదో అప్పుడు తోచింది.

మర్నాడే, జలంధర్ డ్యూటీ దిగాక, ముగ్గురూ ఆనందరావు దగ్గరికి వెళ్ళారు. అతని ఆఫీసు ఇప్పుడు లుసైల్‌లో, అద్దాల భవనంలో. చూడగానే లేచి "రండి అమ్మా" అని కుర్చీలు వేయించాడు. విషయం చెప్పేసరికి మర్యాద అలాగే ఉంది గానీ మొహం మాత్రం బిగిసింది.

"మీ గొంతుని నేను ఎవరికీ అమ్మలేదమ్మా. రికార్డింగులు ఒక కంపెనీకి ఇచ్చాను. వాళ్ళు ఇంకొకరికిచ్చారు. అక్కణ్ణుంచి ఎక్కడికి పోయాయో నాకు తెలియదు. అప్పుడు ఫోన్లో షరతులకి మీరు ఓకే అన్నారు కదా."

"గుడ్డివాళ్ళు వింటారన్నారు మీరు."

"వాళ్ళు కూడా వింటారు."

"ఒక్కసారి ఇది వినండి" అని ఆమె తనే ఆడియో వేసింది.

ఆనందరావు విన్నాడు. మధ్యలో ఒకచోట అతని కనుబొమలు ముడిపడ్డాయి. అయిపోయాక ఇంకోసారి వేయమని సైగ చేశాడు. అప్పుడు అతని మొహంలో రంగు మారింది.

"గొంతు యంత్రానిదే. మాటలు మాత్రం మనవాళ్ళెవరో రాశారు" అన్నాడు మెల్లగా. "మన పిల్లల చదువులు మనం చూసుకుంటే చాలు... అపూర్వ మన అమ్మాయే, కాదనను... ఇలా అనడం తెలుగింట్లో పుట్టినవాళ్ళకే తెలుసు. ఎవరిని ఎక్కడ తడితే భయపడతారో తెలిసినవాడు రాసిందిది."

ఎవరో పరాయివాళ్ళు ఎక్కడో కూర్చుని చేసిన దుర్మార్గం అనుకోవడంలో ఇంతదాకా ఒక ఊరట ఉండింది. అది పోయింది. అపూర్వ ఇంటికి వచ్చి పోయేవాడే ఎవడో, ఆమె చేతి కాఫీ తాగినవాడే ఎవడో కూర్చుని ఈ వాక్యాలు రాసి ఉండాలి.

"ఇదంతా రాసి సంతకం పెట్టి ఇస్తారా? రికార్డింగు ఎలా జరిగిందీ, ఎవరికి ఇచ్చిందీ" అని చరిత అడిగింది.

"ఆలోచించి చెప్తానమ్మా" అన్నాడు ఆనందరావు. ఆ తర్వాత ఎన్నిసార్లు చేసినా ఫోను ఎత్తలేదు.

అపూర్వకి సాయం చేస్తున్న లాయరు ఒక దారి చెప్పాడు. లలితకుమారి వేరే దేశపు మనిషి కాబట్టి ఫలానావాళ్ళకి ఓటెయ్యమని అనకుండా ఉంటే మంచిది. ఆ మాటలు తను అనలేదన్న నిజం మాత్రం చెప్పవచ్చు. జలంధర్ కూడా చెప్పవచ్చు. వీడియో తీసి పంపితే అక్కడి తెలుగువాళ్ళకి చూపిస్తారు, అధికారులకి ఇచ్చే ఫిర్యాదులో కూడా జతపరుస్తారు.

రామచంద్రరావు ఆ సాయంత్రమంతా బాల్కనీలో నిలబడ్డాడు. లోపల చరిత ఫోను నిలబెట్టి తల్లిని కుర్చీలో కూర్చోబెడుతోంది. జలంధర్ పక్కన నిలబడి చొక్కా గుండీలు సవరించుకుంటున్నాడు. రామచంద్రరావు ఉన్నట్టుండి లోపలికి వచ్చాడు. వద్దంటాడనుకుని అందరూ ఆగిపోయారు.

"పేరు పాస్‌పోర్టులో ఉన్నట్టే చెప్పు. ఇంటిపేరు ముందు" అని, కర్టెను పక్కకి లాగి ఆమె మొహం మీద వెలుతురు పడేట్టు చేసి, మళ్ళీ బాల్కనీలోకి వెళ్ళిపోయాడు.

వీడియోలో లలితకుమారి చెప్పింది కొద్ది మాటలే. "మీ ఫోన్లకి వచ్చిన గొంతు నాది. ఆ మాటలు నేననలేదు. నన్ను అడిగి ఎవరూ వాటిని పలికించలేదు. మీరు ఎవరికి ఓటు వెయ్యాలో చెప్పే హక్కు నాకు లేదు, చెప్పను. ఓటుకి వెళ్ళొద్దని మాత్రం నేను ఎవరికీ చెప్పలేదు." జలంధర్ ఇంకా చిన్నగా ముగించాడు. "నేను దోహల స్టీల్ పని జేస్తున్న. అమెరికల నాకెవలు ఎరుక లేరు. గది నేను మాట్లాడలే."

పంపాక ఆ ఇంట్లో చాలా రోజుల తర్వాత అందరూ కలిసి అన్నం తిన్నారు. జలంధర్ మొహమాటపడుతూనే గోంగూర రెండోసారి వేయించుకున్నాడు.

మర్నాడు అపూర్వ ఫోన్ చేసినప్పుడు ఆమె గొంతు నీరసంగా ఉంది.

"ఆంటీ, వీడియో అందరికీ వెళ్ళింది. కానీ..."

"చెప్పమ్మా."

"ఇదే దొంగదంటున్నారు. ముందొచ్చిన ఆడియో నిజమట, ఈ వీడియో నేను మెషీన్‌తో చేయించానట. మొహం కూడా తయారు చెయ్యొచ్చు కదా అంటున్నారు. జలంధర్ గారైతే అసలు మనిషే లేడంటున్నారు."

లలితకుమారికి ఎదురుగా అద్దం ఉంది. అందులో ముక్కుపుడకతో, చెమట పట్టిన నుదురుతో ఒక ఆడమనిషి నిలబడి ఉంది. ఆ మనిషి లేదంటున్నారు. ఆమె చెయ్యి ఎత్తి చెంప తడుముకుంది. జలంధర్‌కి చెప్తే అతను "నేను లేనంటే మరి ఈ నడుమునొప్పి ఎవలిది మేడమ్" అన్నాడు. నవ్వుదామని అన్న మాటే గాని నవ్వలేకపోయాడు.

ఆ సమయంలో ఉపాయం చెప్పింది లలితకుమారే. "రికార్డు చేసి పంపితే నమ్మరు. నన్ను వాళ్ళతోనే మాట్లాడనీ. ఎవరు ఏమడిగినా చెప్తాను."

పోలింగుకి ముందు వచ్చే శనివారం, అక్కడ పొద్దున, దోహాలో సాయంత్రం. కమ్యూనిటీ హాల్లో తెలుగువాళ్ళని పిలిచి అపూర్వ తెర మీద వీడియో కాల్ పెట్టింది. చిన్న హాలు నిండింది. కొందరు చేతులు కట్టుకుని వెనక నిలబడ్డారు. ఎవరో సైన్సు తెలిసినవాడు ఆమెని చెయ్యి మొహం ముందు ఊపమన్నాడు, తయారుచేసిన మొహమైతే చెదిరిపోతుందట. ఊపింది. పక్కకి తిరగమన్నాడు. తిరిగింది. దొంగని పట్టుకుని నిలదీస్తున్నట్టు ఉందని ఆమెకి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి గానీ ఆపుకుంది. జలంధర్‌ని కూడా కెమెరా ముందుకి రమ్మన్నారు. అతను వచ్చి, పచ్చి పుండ్లతో ఉన్న అరచేతులు ఎత్తి చూపించాడు.

ముందు వరసలో ఒక పెద్దావిడ మైకు అడిగి తీసుకుంది. కొత్తగా పౌరసత్వం వచ్చినావిడ అని తర్వాత తెలిసింది. "ఆ ఫోను విని నేను ఓటుకి పోకూడదనుకున్నానమ్మా. మా అబ్బాయితో పోట్లాడాను కూడా. నువ్వు నిజమనిషివైతే చెప్పు, గోంగూరలో పులుపు ఎక్కువైతే ఏం చేస్తావు?"

"ఏ గోంగూర అన్నదాన్ని బట్టి ఉంటుందండీ. ఇక్కడ దొరికేది..." అని లలితకుమారి మొదలుపెట్టింది. ఉల్లిపాయ ఎంత, పచ్చిమిర్చి ఎంత అని చెబుతుండగా వెనక వంటింట్లోంచి రామచంద్రరావు కేక వినిపించింది.

"లలితా, నా బీపీ మాత్ర ఎక్కడ పెట్టావు?"

"ఫ్రిజ్ మీద ఉందండీ. నేను మాట్లాడుతున్నాను కదా" అని ఆమె విసుక్కుంది.

"ఫ్రిజ్ మీద లేదు."

"ఉంది. కళ్ళజోడు పెట్టుకుని చూడండి."

హాల్లో ముందు ఒకరు నవ్వారు. తర్వాత ఇంకొకరు. వెనక చేతులు కట్టుకున్నవాళ్ళు కూడా నవ్వేశారు. ఆ పెద్దావిడ మైకు కిందకి దించి, పక్కనున్నావిడతో "ఇది మనిషేనమ్మా" అంది. ఆ మాట తెర మీదుగా దోహాకి కూడా వినపడింది. లలితకుమారి నవ్వలేదు. కొంగు మొహానికి అడ్డం పెట్టుకుని అప్పుడు ఏడ్చింది.

పోలింగు అయిన మర్నాడు, దోహాలో తెల్లవారాక అపూర్వ ఫోన్ చేసింది. ఓడిపోయింది. తేడా చాలా చిన్నది, ఒక పెద్ద అపార్ట్‌మెంటులో ఉండే జనమంత. ఆ ఆడియో విని ఎంతమంది ఇంట్లో ఉండిపోయారో, ఆ శనివారం తర్వాత ఎంతమంది మనసు మార్చుకున్నారో ఎవరూ చెప్పలేరు. ఆ పెద్దావిడ మాత్రం వెళ్ళి ఓటేసిందట. ఎవరికేసిందో చెప్పలేదట.

"నా గొంతు వల్లే" అంది లలితకుమారి.

"కాదు ఆంటీ" అంది అపూర్వ. మళ్ళీ తనే, "ఏమో ఆంటీ, తెలియదు" అంది. ఆ రెండో మాట దాచకుండా అన్నందుకు లలితకుమారికి ఆ పిల్ల మీద ప్రేమ ఇంకా పెరిగింది.

అక్కడి అధికారులకిచ్చిన ఫిర్యాదు అందిందని మాత్రం జవాబు వచ్చింది. రాసిందెవరో ఇప్పటికీ తేలలేదు. అపూర్వ ఇంట్లో జరిగే పూజకి ఎప్పటిలాగే అందరూ వస్తున్నారు. వచ్చినవాళ్ళకి ప్రసాదం పెడుతూ, వీళ్ళలో ఎవరో ఒకరు అనుకోవడమే అన్నిటికంటే కష్టంగా ఉందని ఆమె చెప్పింది.

జలంధర్ భార్య గంగామణితో ఒక ఒప్పందం చేసుకున్నాడు. ఫోన్లో తను డబ్బు మాటెత్తితే ముందు వాళ్ళిద్దరికే తెలిసిన ఒక మాట అడగాలి. అదేమిటని లలితకుమారి అడిగితే సిగ్గుపడి, "గది చెప్పరాదు మేడమ్" అన్నాడు.

మొన్న తెలుగు సంఘంవాళ్ళు వచ్చి కొత్త సంవత్సరం కార్యక్రమానికి మైకు పట్టుకోమని అడిగారు. లలితకుమారి వెంటనే అవుననలేదు, కాదనలేదు. హాల్లో ఎవరూ ఫోన్లతో రికార్డు చేయకుండా ఉంటారా అని అడిగింది. అదెలా కుదురుతుందండీ, పిల్లల డాన్సు తీసుకోవద్దూ అని వాళ్ళన్నారు. అయితే నాకు మైకు వద్దు, వడ్డన చూసుకుంటానని ఆమె చెప్పింది.